పెట్టె నల్లగా ఎందుకుండాలంటే

మొన్న మా చెల్లెలి ఇంటికి కొత్త వాషింగ్ మెషిన్ వచ్చింది. తెచ్చినవాళ్లు అట్టపెట్టె చించి, లోపల బిగించిన థర్మోకోల్ దిమ్మెల్ని ఒక్కొక్కటీ బయటికి లాగుతున్నారు. అట్టకూ దానికీ రాపిడి పుట్టి కీచుమని ఒక చప్పుడు వస్తుంది చూడండి, ఆ చప్పుడుకి నా పళ్లు జివ్వుమన్నాయి. విరిగిన దిమ్మె నుంచి రాలిన తెల్లటి పూసలు నా కొంగుకి అంటుకున్నాయి. దులిపితే చేతికి అంటుకున్నాయి, చెయ్యి విదిలిస్తే మళ్లీ కొంగు మీదికే వచ్చాయి. మా చెల్లెలు నవ్వి, ఏంటక్కా తేలు కుట్టినట్టు నిలబడిపోయావని అడిగింది. ఏమీ లేదన్నాను. నలభై ఏళ్ల కిందటి సంగతి, పనివాళ్ల ముందు నిలబడి ఎక్కడ మొదలుపెట్టి చెప్పేది? ఇంటికొచ్చి తీరిగ్గా కూర్చున్నాక మాత్రం ఎస్తేరమ్మగారి గురించి రాయాలనిపించింది. ఆవిడెవరో మీకు తెలియదు, తెలిసే అవకాశం కూడా లేదు. తిరువళ్లూరు స్టేషను దాటితే ఆవిడ పేరు విన్నవాళ్లే తక్కువ.

ఎనభైల మొదట్లో అరవదేశంలోని తిరువళ్లూరు శివార్లలో ఒక చిన్న ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీ ఉండేది. నూలు మిల్లులకి కౌంటర్లు చేసేవాళ్లం. మిషను మీద నూలు ఎంత చుట్టుకుందో ఎర్రటి అంకెల్లో చూపించే చిన్న పెట్టెలన్నమాట. ఎస్తేరమ్మగారు అక్కడ స్టోర్స్ ఇన్‌చార్జి. నలభై అయిదేళ్లుంటాయి. పొట్టి మనిషి, గట్టి గొంతు. రోజూ గంజిపెట్టిన తెల్ల నూలుచీరే కట్టేది, అంచు రంగు మాత్రం మారేది. కుర్రతనంలో బెంగుళూరులో ఒక పెద్ద కర్మాగారంలో పనిచేసి వచ్చిందని చెప్పుకునేవాళ్లు. నేను పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేసి, కనకమ్మ సత్రం అనే ఊరి నుంచి రోజూ బస్సెక్కి వచ్చే స్టోర్స్ అసిస్టెంటుని. నాకు ఇరవై రెండేళ్లు. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు గానీ, డిప్లొమా చేతిలో ఉంది కదా, నాకంటే తెలిసినవాళ్లు ఆ చుట్టుపక్కల లేరని నా నమ్మకం.

ఆవిడ దగ్గర నియమాలు చాలా ఉండేవి. స్టోర్స్ గదిలోకి నైలాన్ చీర కట్టుకుని రాకూడదు. ప్లాస్టిక్ దువ్వెన తేకూడదు. సెల్లో టేపు చించకూడదు. గదిలోకి వచ్చినవాళ్లు ముందుగా తలుపు పక్కనున్న ఇనుప బీరువాని ఒకసారి ముట్టుకోవాలి. ఎందుకో ఎవరికీ తెలియదు. బీరువాని ముట్టుకునే సంగతి చూసి బోర్డులు బిగించే లైనులో అమ్మాయిలు, ఎస్తేరక్క గుడిలో గడపకి మొక్కిస్తా ఉందని నవ్వుకునేవాళ్లు. నేను చేరిన మొదటి వారంలోనే ధైర్యం చేసి అడిగాను. ఆవిడ లెడ్జరు మీద నుంచి తల కూడా ఎత్తలేదు. "ఎందుకని అడగొద్దు సరళా. చెప్పింది చెయ్," అంది. అప్పట్లో నాకు అది అహంకారంగా కనిపించింది. ఇప్పుడు ఆలోచిస్తే, కొంతవరకు అహంకారమే. ఆ సంగతి ఆవిడే తర్వాత ఒప్పుకుంది.

నా పని ఐసీల సొరుగులు చూసుకోవడం. ఐసీ అంటే గోరంత నల్లటి ముక్క, రెండు పక్కలా జెర్రికి ఉన్నట్టు వరసగా కాళ్లు. కౌంటరుకి మెదడు అదే. వడ్రంగి చేసిచ్చిన చెక్క సొరుగుల్లో గళ్లు ఉండేవి, ఒక్కో గడిలో అడుగున నల్ల స్పాంజి ముక్క పరిచి ఉండేది. ఐసీల కాళ్లు ఆ స్పాంజిలో గుచ్చి పెట్టాలి. పాతబడి స్పాంజి పొడిపొడిగా రాలేది. ముట్టుకుంటే వేళ్లు మసి అయ్యేవి, లంచికి పోయేముందు రెండుసార్లు సబ్బు పెట్టి కడుక్కుంటే గానీ పోయేది కాదు. ఆ మసి నాకు గిట్టేది కాదు. డిప్లొమా చదివింది చేతులు నల్లగా చేసుకోవడానికా అని లోపల్లోపల గొణుక్కునేదాన్ని.

ఆ ఏడాది ఆయుధపూజకి సరిగ్గా వారం ముందు, వేలూరులో వాళ్లమ్మకి కంటి ఆపరేషనుందని ఎస్తేరమ్మగారు పదిహేను రోజులు సెలవు పెట్టింది. ఆవిడ క్రైస్తవురాలు. అయినా ప్రతి ఏడూ పూజకి వచ్చి వెనకాల నిలబడేది, పొరీ సుండలూ, అదే మరమరాలూ గుగ్గిళ్లూ, అందరితో కలిసి తినేది. వెళ్తూ వెళ్తూ, పండగ బాగా చేసుకోండి, సొరుగుల్లో నల్ల స్పాంజిని మాత్రం తాకొద్దు అని చెప్పింది. ఎందుకని ఈసారి నేను అడగలేదు. అడిగినా చెప్పదని తెలుసు.

ఆయుధపూజకి ముందురోజు మా వైపు ఫ్యాక్టరీల్లో పని జరగదు, కడుగుడే జరుగుతుంది. స్క్రూడ్రైవరు నుంచి సోల్డరింగ్ ఇనుము దాకా తుడిచి పసుపూ కుంకుమా పెట్టని వస్తువుండదు. మురికిగా ఉన్నదాన్ని సరస్వతి ముందు పెడితే పాపం అన్నట్టు చూస్తారు. అందరి సొరుగులూ మెరుస్తున్నాయి, నావి మాత్రం మసి. పూజ మంటపానికి తెచ్చిన థర్మోకోల్ షీట్లు నాలుగు మిగిలిపోయి గోడకి ఆనించి ఉన్నాయి. తెల్లగా, శుభ్రంగా, కాళ్లు గుచ్చడానికి వెన్నలా మెత్తగా ఉన్నాయి. ఇక నేను ఆగుతానా? నల్ల స్పాంజి ముక్కలన్నీ తీసి ఒక సంచిలో కట్టేశాను. ఒక పాత నైలాన్ చీర ముక్కతో సొరుగులు తుడిచి, థర్మోకోల్ ముక్కలు కోసి పరిచి, ఐసీలన్నిటినీ వాటిలో గుచ్చాను. తెలుపు మీద నలుపు, వరసలు వరసలుగా, చూడముచ్చటగా ఉంది. మేనేజరు వచ్చి చూసి, స్టోర్సుకి ఇప్పుడు కళ వచ్చిందన్నాడు. ఆ మాటకి నేను రెండు రోజులు నేల మీద నడవలేదు.

పూజరోజు మొదటి బొట్టు పెట్టింది మునెమ్మ. అత్తిమంజేరిపేట నుంచి వచ్చిన అమ్మాయి, పందొమ్మిదేళ్లుంటాయి. తిరుత్తణిలో మేనమామ ఇంట్లో ఉండి పనికి వచ్చేది. నా సొరుగుల నుంచి ఐసీలు తీసుకుని బోర్డులో బిగించేది ఆ అమ్మాయి ఒక్కతే. ఆమె చేసిన బోర్డు టెస్టింగ్ నుంచి వెనక్కి రావడం అరుదు. అందుకని మునెమ్మది కైరాసి, అంటే అచ్చొచ్చే చెయ్యి, ఆమె బొట్టు పెడితే ఏడాదంతా బాగుంటుందని అమ్మాయిలందరూ ఆమెనే ముందుకి తోశారు. సిగ్గుపడుతూ వచ్చి నా సొరుగులకి కూడా వరసగా బొట్లు పెట్టి పోయింది.

ఎస్తేరమ్మగారు వచ్చే ముందురోజు నాకు భయం పట్టుకుంది. తాకొద్దన్నదాన్ని తాకానుగా. సంచి విప్పి స్పాంజి ముక్కలన్నీ ఎక్కడివక్కడ పరిచి, ఐసీలు మళ్లీ వాటిలో గుచ్చి, థర్మోకోల్‌ని చెత్తలో పారేశాను. ఆవిడ వచ్చి సొరుగులు తెరిచి చూసి ఏమీ అనలేదు. గండం గడిచిందనుకున్నాను. ఆ పదిహేను రోజుల్లో జరగాల్సింది అప్పటికే జరిగిపోయిందని నాకు తెలియదు. నిజంగానే తెలియదు, ఇంతవరకు నన్ను నమ్మండి. దీని తర్వాత నమ్మమని అడగను.

బోర్డులు చెడిపోవడం మొదలైంది. ఉదయం బాగా పనిచేసిన కౌంటరు సాయంత్రానికి పిచ్చి అంకెలు చూపేది. మిల్లులకి పంపినవి కొన్ని వారం తిరక్కుండా వెనక్కొచ్చాయి. ముప్పై దాకా అయ్యాయి. ప్రతి బోర్డు వెనకాలా చేసినవాళ్ల నంబరు పెయింటుతో వేసి ఉంటుంది. ఐసీలు బిగించిన చోట అన్నిటి మీదా మునెమ్మ నంబరే. ఆమె సీటు ఒక్కటే కదా, ఇంకెవరి నంబరు ఉంటుంది? ఇంత చిన్న లెక్క ఎవరూ వెయ్యలేదు. నేను కూడా. టెస్టింగ్ సూపర్‌వైజరు మొదట ఆమె పని చూశాడు, తప్పు కనపడలేదు. ఆ తర్వాత మాట మారింది. బొట్టు పెట్టినప్పుడు ఏదో లోపం జరిగిందని ఒకరు, ఆ పిల్ల చేతిలో రాశి పోయిందని ఇంకొకరు అన్నారు. లంచిలో ఆమె డబ్బాలోంచి ఊరగాయ తీసుకోవడం కూడా మానేశారు. ఆమెది తాత్కాలిక ఉద్యోగం, గడువు ఒక శనివారంతో ముగిసింది. మళ్లీ పొడిగించలేదు. మునెమ్మ తన స్టూలు తుడిచి, బల్ల కిందికి తోసి, ఎవరితోనూ చెప్పకుండా ఊరికి వెళ్లిపోయింది.

సోమవారం పొద్దున ఎస్తేరమ్మగారు నన్ను పిలిచింది. చెడిపోయిన బోర్డొకటి ఆవిడ బల్ల మీద ఉంది. స్పాంజి పాడైపోయింది, చెక్క సొరుగులు ఇక పనికిరావు, ఐసీలకి తగిన గళ్ల పెట్టెలు చేయించాలి, ఎట్లా ఉండాలో నువ్వే రాసుకురా, అంబత్తూరులో ప్లాస్టిక్ సామాన్లు పోసేవాడికి పంపుదాం అని, ఐసీల కంపెనీవాళ్ల లావాటి పుస్తకం నా చేతిలో పెట్టింది. నేను ఉత్సాహంగా స్కేలు పట్టుకుని కూర్చున్నాను. ఆవిడ నా పక్కనే నిలబడి ఒక్కో కొలతా చూసింది. గడి వెడల్పు ఐసీ కొలత పెట్టి రాస్తే కొట్టేయించింది. "వేలు దూరల్ల గదా. వేలు దూరకుంటే పట్టకారుతో పీకుతారు, కాలు వంగుతాది," అంది. మూలలు గుండ్రంగా ఉండాలంది. పేరు చీటీ అంటించకూడదు, దూర్చడానికి గాడి ఉండాలంది. అడ్డుగోడలు పెట్టె గోడని గట్టిగా తాకుతూ ఉండాలి, పెట్టె మీద పెట్టె పెడితే కింది మూతని పై అడుగు తాకాలి, అన్నిటి కిందా ఉన్న ఇనుపబల్ల నుంచి భూమిలోకి తీగ పోవాలి. మూతతో సహా అంతా బొగ్గు కలిపిన నల్ల ప్లాస్టిక్కే కావాలి.

మధ్యాహ్నం ఆ పుస్తకం తిరగేస్తుంటే ఒక పేజీ దగ్గర కాగితం ముక్క అడ్డం పెట్టి ఉంది. ఐసీలని ఎట్లా భద్రపరచాలో ఆ పేజీలో రాశారు. ఎండిన గాలిలో రెండు వస్తువులు రాసుకుంటే విద్యుత్తు పుడుతుంది, మన చేతికి తెలియనంత చిన్నదైనా ఐసీ లోపలి పొరని కాల్చేస్తుంది, ఐసీ వెంటనే చావకపోవచ్చు, కొన్నాళ్లు పనిచేసి చావచ్చు. నైలాన్ వద్దు. థర్మోకోల్‌లో ఎట్టి పరిస్థితిలోనూ గుచ్చవద్దు. బయట కార్తీకపు వాన పడుతోంది, మా గదిలో మాత్రం ఏసీ తిరుగుతూ గాలి అప్పడంలా ఎండిపోయి ఉంది. పుస్తకం మూసి, నీళ్లు తాగి వచ్చి, మళ్లీ తెరిచి అదే పేజీ చదివాను.

చెప్పేయాలి. చెప్తే ఉద్యోగం ఖాయం కాదు. మా ఇంట్లో మొదటిసారి నెలజీతం తెచ్చింది నేను, మా నాన్న ఊళ్లో అందరికీ చెప్పుకున్నాడు. మునెమ్మ ఎట్లాగూ వెళ్లిపోయింది కదా, కొత్త పెట్టెలొస్తే అంతా సర్దుకుంటుంది కదా, అప్పుడు ఎవరైనా ఆమెని పిలుస్తారు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. ఇట్లాంటి 'కదా'లు ఆ రోజుల్లో ఎన్ని పోగేశానో లెక్కలేదు. పొద్దున బస్సులో ఇవాళ చెప్తాననుకునేదాన్ని, సాయంత్రం బస్సులో రేపు చెప్తాననుకునేదాన్ని. ఆమె స్టూలు బల్ల కింద అట్లాగే ఉండేది. అటువైపు చూడకుండా నడవడం అలవాటు చేసుకున్నాను.

మరుసటి వారం మంగళవారం అంబత్తూరు ఆయన నమూనా పెట్టె పట్టుకుని తనే వచ్చాడు. గాజులా తళతళలాడుతోంది. గళ్లు చక్కగా ఉన్నాయి, కొలతలన్నీ సరిపోయాయి. నల్లది పోస్తే అందముండదమ్మా, లోపలేముందో కనపడదు, అందుకే తేటగా పోశాను, ఖర్చు కూడా తక్కువ అని అరవంలో సంతోషంగా చెప్పాడు. ఎస్తేరమ్మగారు మీటరు తెప్పించి దాని రెండు సూదులూ పెట్టె మీద ఆనించింది. ముల్లు కదల్లేదు. బెంగుళూరు నుంచి దాచుకుని తెచ్చుకున్న ఒక నల్లటి పాత డబ్బా తీసి దాని మీద ఆనించింది. ముల్లు లేచింది. దీని మీదైతే పుట్టిన విద్యుత్తు నిలవదు, జారి భూమిలోకి పోతుంది, నీ పెట్టె మీద కాచుకుని కూర్చుంటుంది అని వివరంగా చెప్పింది. ఆయన నిర్ఘాంతపోయాడు. "ఇది ముందే రాసి ఉంటే నేనెందుకు తేటగా పోస్తానమ్మా? నల్లగా ఉండాలని రాశారు గానీ ఎందుకో రాయలేదే," అన్నాడు. కోపంగా అన్న మాట కాదు, నష్టపోయిన మనిషి అన్న మాట.

ఆయన వెళ్లాక ఎస్తేరమ్మగారు చాలాసేపు ఆ తేట పెట్టెని చేతిలో తిప్పుతూ కూర్చుంది. తర్వాత అరవంలో రాసిన నా కాగితం తీసుకుని, కుడివైపు నిలువుగా ఒక గీత గీసి, పైన 'ఎందుకు' అని రాసింది. ప్రతి వరసకీ ఎదురుగా కారణం రాయాలి, కారణం రాయలేని వరస కొట్టెయ్యాలి, రేపు పొద్దునకి కావాలి అంది. కారణం అనే మాట ఆవిడ నోట వినడం నాకు అదే మొదటిసారి.

కూర్చుని రాశాను. గడి వెడల్పు: వేలు దూరాలి కాబట్టి. చీటీ అంటించరాదు: టేపు ఊడదీసేటప్పుడు కూడా విద్యుత్తు పుడుతుంది కాబట్టి. రాస్తుంటే ఇన్నాళ్లూ మేము నవ్వుకున్న నియమాలన్నీ ఒక్కొక్కటిగా అర్థమవుతున్నాయి, ఇనుప బీరువాని ముట్టుకునేది ఒంటి మీది విద్యుత్తు దాంట్లోకి దిగిపోవడానికని కూడా. ఏడో వరస: గళ్లలో థర్మోకోల్ వాడరాదు. ఎందుకు? పుస్తకంలోది దించేస్తే సరిపోయేది. నాలుగు మాటల పని. కలం పట్టుకుని ఫ్యాక్టరీ సైరను కూసే దాకా కూర్చున్నాను, ఇంటికి తీసుకెళ్లాను, పొద్దున బస్సులో ఒళ్లో పెట్టుకున్నాను. చివరికి ఎస్తేరమ్మగారు రాకముందే బల్ల దగ్గర నిలబడి రాసేశాను. ఆయుధపూజకి స్టోర్స్ అసిస్టెంటు సరళ నల్ల స్పాంజి తీసి థర్మోకోల్ పెట్టింది, వాటిలోంచి తీసిన ఐసీలే చెడిపోయాయి, ఆ బోర్డులు చేసిన మునెమ్మ తప్పు ఏమీ లేదు.

ఆవిడ వచ్చి కూర్చుని, కళ్లజోడు పెట్టుకుని, మొదటి వరస నుంచీ చదివింది. ఏడో వరస దగ్గర ఆగింది. తిడుతుందని ఎదురుచూశాను. తిడితే బాగుండనిపించింది. ఆవిడ నా కలమే అడిగి తీసుకుని, నేను రాసిన దాని కిందే ఇంకో వాక్యం రాసింది. స్టోర్స్ ఇన్‌చార్జి తాకొద్దని చెప్పిందే గానీ ఎందుకో ఎప్పుడూ చెప్పలేదు. కింద సంతకం పెట్టి కాగితం నా వైపు తోసింది. "నాకూ ఎవురూ చెప్పలేదు సరళా. బెంగుళూరులో ఏండ్లు పనిచేసి నేనే తెలుసుకున్నా. కష్టపడి తెలుసుకున్నది ఊరికే ఎందుకు చెప్పల్ల అని ఉండె నాకు," అంది. ఆ కాగితం మేనేజరు దగ్గరికి అట్లాగే వెళ్లింది. ఆయన అరిచాడు. నన్ను ఖాయం చెయ్యడం ఆరు నెలలు వెనక్కి పోయింది, ఆవిడకి మెమో వచ్చింది. మునెమ్మని పిలవడానికి మాత్రం ఒప్పుకున్నాడు, ఉత్తరం వేద్దామన్నాడు. ఉత్తరం వద్దు, మేమే పోతామని ఎస్తేరమ్మగారు ఆ మధ్యాహ్నమే సగం రోజు సెలవు పెట్టింది.

తిరుత్తణిలో బస్సు మారి అత్తిమంజేరిపేట చేరేసరికి పొద్దు వాలుతోంది. మునెమ్మ వాళ్లది చెరకుతోట అంచున పెంకుటిల్లు. వసారాలో ఒక్కతే కూర్చుని ఉంది. పక్కన చీరతో కట్టిన ఉయ్యాలలో వాళ్ల వదినకి పుట్టిన నెలల పాప ఏడుస్తోంది. మమ్మల్ని చూసి లేచి, చాప పరిచి, పెరట్లోకి చూస్తూ, "వదినా, పాప ఏడస్తా ఉండాది, రా," అని కేక వేసింది. తను మాత్రం ఉయ్యాల దగ్గరికి వెళ్లలేదు. ఎస్తేరమ్మగారు, నువ్వు ఎత్తుకోరాదా అని అడిగింది. మునెమ్మ రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, "నా చెయ్యి బాగలేదంట గదక్కా. పసిబిడ్డ. ఎందుకొచ్చింది," అంది. ఇంట్లో ఎవరూ ఆమెని వద్దనలేదట. ఆమెకి ఆమే మానుకుంది.

ఎస్తేరమ్మగారు నా వైపు చూసింది, ఒక్క మాట సాయం చెయ్యలేదు. నేనే చెప్పాను. స్పాంజి, థర్మోకోల్, నైలాన్ గుడ్డ, అన్నీ. నీ చేతికేం కాలేదు మునెమ్మా, చెడగొట్టింది నేను అన్నాను. ఏడవకూడదనుకున్నాను గానీ ఏడ్చాను. మునెమ్మ ఏడవలేదు. అంతా విని, కాసేపు తన అరచేతులు చూసుకుని, తర్వాత నన్ను అడిగింది. "ఇది నీకు తెలిసి ఎన్ని దినాలాయ?"

ఎందుకు చేశావని అడిగితే జవాబుంది. ఈ ప్రశ్నకి నేను సిద్ధంగా లేను. నాలుగైదు రోజులని చెప్పొచ్చు, ఎవరికి తెలుస్తుంది? కానీ ఆ కళ్లలోకి చూస్తూ తగ్గించి చెప్పడానికి నోరు రాలేదు. "తొమ్మిది," అన్నాను. మునెమ్మ తల ఊపింది. లోపలికి వెళ్లి మా ఇద్దరికీ మజ్జిగ తెచ్చిచ్చింది, గ్లాసు నా చేతికి ఇవ్వకుండా నేల మీద పెట్టింది. సోమవారం వస్తానంది, వేరే సీటు ఇస్తే రానని, తన సీటే కావాలని ఎస్తేరమ్మగారికి చెప్పింది. నాకేమీ చెప్పలేదు. మేము బాటలోకి వచ్చాక పాప మళ్లీ ఏడుపు అందుకుంది. వెనక్కి తిరిగి చూస్తే మునెమ్మ ఉయ్యాల మీదికి వంగి ఉంది. పాపని భుజాన వేసుకుని వీపు నిమురుతూ వసారాలో అటూ ఇటూ నడవసాగింది.

తిరుగు బస్సులో ఇద్దరం కిటికీ పక్క సీటులో కూర్చున్నాం. తొమ్మిది అని నిజం చెప్పినందుకు ఆవిడ నన్ను కాస్త మెచ్చుకుంటుందేమోనని, సిగ్గు విడిచి చెప్తున్నాను, నాకు లోపల ఆశగా ఉంది. ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ వేరే మాట చెప్పింది. నన్ను పిలిచిన ఆ సోమవారం పొద్దున చెడిపోయిన బోర్డు విప్పితే ఐసీ కాళ్ల మధ్య తెల్లటి పూస ఒకటి ఇరుక్కుని కనపడిందట. చూడగానే అర్థమైపోయిందట. పుస్తకంలో ఆ పేజీ దగ్గర కాగితం ముక్క పెట్టి నాకిచ్చింది ఆవిడే.

"నువ్వే వచ్చి చెప్పల్ల అని కాచుకోని ఉంటి. నేను అడిగితే ఒప్పుకుంటావు, అయితే అది నీకు బుద్ధి గాదు అనుకుంటి," అంది. మళ్లీ తనే, "నీకు బుద్ధి రావల్ల అని నేను కాచుకోని ఉంటే, ఆ పిల్ల ఈడ బిడ్డను గూడా ఎత్తుకోకుండా కూర్చోనుండె. మునెమ్మ నిన్ను అడిగింది, నన్ను అడగలే. అడిగుంటే నేనూ తొమ్మిదే చెప్పల్ల," అంది.

ఆవిడ చేతి మీద చెయ్యి వేశాను. ఆవిడ తన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. తిరుత్తణి కొండ దీపాలు కనపడేదాకా అట్లాగే కూర్చున్నాం.

నల్ల పెట్టెలు మూడు నెలలకి వచ్చాయి. కారణాల కాగితం అరవంలో ఒకటి, తెలుగులో ఒకటి రాయించి స్టోర్స్ తలుపుకి తగిలించారు. అరవబడిలో చదివిన నాకు అప్పటికి తెలుగు అక్షరాలు సరిగ్గా రావు, ఆ కాగితం రాయడానికే ఆవిడ దగ్గర కూర్చుని నేర్చుకున్నాను. ఏడో వరస కింద ఉన్న రెండు వాక్యాలూ తీసేద్దామని మేనేజరు అన్నాడు, ఆవిడ ఒప్పుకోలేదు. కొత్తగా చేరిన ప్రతివాళ్లూ నా పేరు చదివి, తలెత్తి నన్ను చూసేవాళ్లు. అలవాటైపోయింది. మునెమ్మ తన సీటులో ఇంకా ఎనిమిదేళ్లు పనిచేసింది. నాతో మాట్లాడేది, నవ్వేది కూడా. అయినా ఐసీలు తీసుకునే ముందు ప్రతిసారీ పెట్టె మూత తెరిచి అడుగున ఏముందో తనే చూసుకునేది. అది ఆమె హక్కు. నేనెప్పుడూ ఏమీ అనలేదు.

ఎస్తేరమ్మగారు రిటైరయ్యాక ఆ కుర్చీలో నేను కూర్చున్నాను. ఆవిడ నేర్పిన కొలతలన్నీ మారిపోయాయి, ఆ ఐసీలే ఇప్పుడు లేవు. నాకు మిగిలింది ఒక అలవాటు. నా కింద పనిచేసేవాళ్లలో ఎవరో ఏదో దాస్తున్నారని అనుమానం వస్తే, వాళ్లంతట వాళ్లే చెప్పనీ, అప్పుడే మారతారని చాలామంది నాకు సలహా ఇచ్చారు. మంచి సలహానే కావచ్చు. నేను మాత్రం ఆ రోజే, ఆ గంటలోనే పక్కకి పిలిచి అడిగేస్తాను. ఈమెకి ఓపిక లేదని, పెద్దమనిషి తరహా లేదని నా వెనకాల అనుకుంటారు, అనుకోనీ. మేము ఒకరికొకరు బుద్ధి చెప్పుకుంటూ కాచుకున్నన్ని రోజులూ, ఎక్కడో ఒక వసారాలో, ఏ పాపమూ ఎరగని మనిషి చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంటుంది.